ఒక లాబ్రడార్, ఒక పగ్, ఒకే వాకింగ్: భవానీపురం కేసు

"మా కుక్కని రోజుకి ఎంతసేపు తిప్పాలి డాక్టర్ గారూ?" క్లినిక్‌లో నేను ఎక్కువగా వినే ప్రశ్నల్లో ఇదొకటి. జాతి పేరు చెబుతారు, నిమిషాలు అడుగుతారు. చాలామంది అప్పటికే నెట్‌లో పట్టిక చూసే వస్తారు, నా దగ్గర కావాల్సింది అవునన్న మాటే. ఈ కేసు మొత్తం ఎందుకు రాస్తున్నానంటే, ఆ పట్టికనే నమ్మి ఒక ఇంట్లో రెండు కుక్కల్ని కలిపి తిప్పారు. ఒకదానికి ప్రాణం మీదికి వచ్చింది, రెండోదానికి అసలు వ్యాయామమే అందలేదు. ఇంటివాళ్లు రాయమన్నాకే రాస్తున్నాను, కుక్కల పేర్లు మాత్రం మార్చాను.

ఇల్లు భవానీపురంలో, మూడో అంతస్తు ఫ్లాటు. ఇంటాయన రిటైరైన కాలేజీ లెక్చరర్, అందరూ మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. అరవై దాటి చాలా ఏళ్లయింది, రెండు మోకాళ్లూ అరిగాయి. చిట్టి అనే పగ్ వాళ్లమ్మాయిది, పెళ్లై అమెరికా వెళ్తూ ఇక్కడ వదిలి వెళ్లింది. రాకీ అనే లాబ్రడార్ అబ్బాయిది, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ముచ్చటపడి కొన్నాడు, ఆఫీసుకి రమ్మనేసరికి హైదరాబాద్ వెళ్లిపోయాడు, కుక్క ఇక్కడే ఉండిపోయింది. విజయవాడలో ఇలాంటి ఇళ్లు చాలా చూస్తున్నాను, పిల్లలు వదిలివెళ్లిన కుక్కల్ని మోకాళ్ల నొప్పులతో సాకుతున్న అమ్మానాన్నలు. ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. కుక్కకి ఎంత వ్యాయామం కావాలన్న లెక్కలో దాన్ని పట్టుకెళ్లే మనిషి కూడా ఉంటాడు, ఏ పట్టికలోనూ ఆ మనిషి కనిపించడు.

మే నెల మొదటి వారం, ఇంకా రోహిణి కార్తె రాలేదు. సాయంత్రం ఆరు దాటాక చిట్టిని ఆటోలో తెచ్చారు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోయిందట, లేపితే పడిపోయిందట. నాలుక నీలంగా తిరిగింది, చిగుళ్లు ఇటుక రంగు, నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ, గొంతులో గురగుర. టెంపరేచర్ 105.6 డిగ్రీలు. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 వరకు ఉంటుంది. 106 దగ్గరికి వెళ్లిందంటే లోపల కిడ్నీలు, పేగులు, రక్తం గడ్డకట్టే తీరు, అన్నీ దెబ్బతినడం మొదలవుతుంది. వాళ్లు దారిలో నీళ్లు పోశారు, అది చాలా మంచి పని, కానీ పోశాక తడి తువ్వాలు చుట్టేసి ఒళ్లో పెట్టుకున్నారు. చుట్టిన తువ్వాలు కాసేపటికే వేడెక్కి ఆ వేడిని అక్కడే పట్టి ఉంచుతుంది. వడదెబ్బ తగిలిన కుక్కకి నీళ్లు పోస్తూనే ఉండాలి, గాలి ఆడాలి. ముందు అక్కడికక్కడే చల్లబరచాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. ఆటోలో అయితే పక్క తెరలు ఎత్తేసి గాలి తగిలేలా తేవాలి.

మేం ఆక్సిజన్ పెట్టి, ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద ఉంచి, సెలైన్ ఎక్కించాం. 103కి రాగానే తడపడం ఆపాం, ఆపకపోతే అక్కడి నుంచి మరీ కిందికి జారిపోతుంది. ఆ రాత్రి మా దగ్గరే ఉంచి, ప్లేట్‌లెట్లు, కిడ్నీ పరీక్షలు మర్నాడు కూడా చేశాం, ఎందుకంటే వడదెబ్బ నష్టం కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. అదృష్టం, ఏమీ కాలేదు. బరువు చూస్తే 9.8 కిలోలు. ఆ సైజు పగ్ ఏడున్నర, మహా అయితే ఎనిమిది ఉండాలి.

అసలు సంగతి డిశ్చార్జి రోజు మాటల్లో బయటపడింది. "ఈ ఎండల్లో సాయంత్రం పూట పగ్‌ని ఎందుకమ్మా అంతసేపు తిప్పుతున్నారు?" అని అడిగాను. మాస్టారి భార్య అన్నారు కదా, "దీని కోసం కాదు బాబూ, ఆ పెద్దవాడి కోసం. లాబ్రడార్‌కి రోజుకి రెండు గంటలు కావాలంట కదా, మా అబ్బాయి పంపించాడు. పొద్దున గంట, సాయంత్రం గంట. ఇది ఒక్కతే ఇంట్లో ఉంటే ఏడుస్తుంది, అందుకని రెండింటినీ తీసుకెళ్తాం." సరే, రెండు గంటలు తిరుగుతున్న ఆ పెద్దవాడు ఎలా ఉన్నాడని అడిగితే ఇంకో కథ మొదలైంది. సోఫా చేతులు కొరికేశాడు, ఇన్వర్టర్ వైరు కొరికాడు, లిఫ్టు తలుపు చప్పుడైతే చాలు మొరుగుడు, పక్క ఫ్లాటు వాళ్లు అసోసియేషన్ మీటింగ్‌లో కంప్లైంట్ కూడా పెట్టారు. పైగా బరువు పెరుగుతూనే ఉన్నాడు. రెండు గంటలు తిరిగే కుక్కకి ఇవన్నీ ఎందుకుంటాయి? రాకీని కూడా తీసుకురమ్మన్నాను.

నాలుగేళ్ల మగ కుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, నల్ల లాబ్రడార్. 41 కిలోలు. పక్కటెముకలు చేతికి దొరకాలంటే గట్టిగా నొక్కాలి, పైనుంచి చూస్తే నడుమే లేదు. ఒంటి తీరుకి మేం తొమ్మిదికి వేసే స్కోరు ఒకటి ఉంటుంది, అందులో నాలుగైదు ఉంటే సరైనది, వీడికి ఎనిమిది. థైరాయిడ్ పరీక్ష చేయించాను, మామూలుగానే ఉంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరం లేదు. ఎక్స్‌రేలో ఎడమ తుంటి కాస్త అరిగినట్టు కనిపించింది. పడుకుని లేచేటప్పుడు రెండడుగులు బిగుసుకుని నడుస్తాడని మాస్టారు కూడా గమనించారు, కానీ "బద్ధకం అనుకున్నానండీ" అన్నారు. లావుగా ఉన్న కుక్కలో బద్ధకంలా కనిపించేదాంట్లో ఎంతోకొంత నొప్పి ఉంటుంది, దయచేసి ఒకసారి చూపించండి.

తర్వాత ఒక రోజు పొద్దున ఆరింటికి వాళ్ల వాకింగ్‌కి నేనూ వెళ్లాను. మామూలుగా నడవమని చెప్పి ఫోన్‌లో టైమ్ పెట్టుకుని వెనకే నడిచాను. ప్రవర్తన గొడవలతో వచ్చిన కేసుల్లో నేను ఎక్కువగా ఇదే చేస్తాను, గదిలో కూర్చుని అడిగితే ఎవరైనా వాళ్లు అనుకున్నదే చెబుతారు. రెండు కుక్కలూ మాస్టారి ఒకే చేతిలో. రాకీ మెడలో గొలుసు, ముందుకి లాగుతున్నాడు, చిట్టి వెనక్కి లాగుతోంది, మధ్యలో ఆయన మోకాళ్లు. చిట్టి ప్రతి వంద అడుగులకీ ఒకసారి కూర్చుంటుంది. అది కూర్చుంటే రాకీ ఆగాలి. రాకీ లాగితే అది పరిగెత్తాలి. వీధి కుక్కలు ఎదురైతే రాకీ ఎగురుతాడు, చిట్టి కాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. ఇక సందు చివర టీ బడ్డీ. అక్కడికి రాగానే రాకీ ఎవరూ చెప్పకుండానే కూర్చుని చెయ్యి ఎత్తాడు, బడ్డీ అబ్బాయి "రారా రాకీ" అంటూ సీసాలోంచి రస్కు తీసిచ్చాడు, ఆ తర్వాత ఇంకోటి, అక్కడ టీ తాగుతున్న పెద్దాయన తన వంతుగా మూడోది. మాస్టారు స్నేహితులతో అక్కడే చాలాసేపు కూర్చున్నారు. ఇంటికి చేరేసరికి గంట దాటింది. అందులో రాకీ కాళ్లు కదిలింది సగం కూడా లేదు, అదీ పగ్ నడకలో.

ఇంచుమించుగా లెక్క చెబుతాను. కుక్క నడిచినప్పుడు కిలోమీటరుకి, దాని ఒంటి బరువు ఒక్కో కిలోకి, సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. రాకీ ఆ గంటలో రెండు కిలోమీటర్లు నడిచాడనుకుందాం, ఎనభై పైచిలుకు క్యాలరీలు. రస్కు ఒక్కోటి దాదాపు 40. అంటే మూడు రస్కులతో వాకింగ్‌లో కరిగింది వాకింగ్‌లోనే తిరిగొచ్చేసింది, పైన ఇంకొంచెం మిగిలింది కూడా.

తిండి గురించి అడిగితే ఇంట్లో ఎవరికి వాళ్లు "నేను కొంచెమే పెడతాను" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే ఒక్కొక్కరూ కొంచెమే పెడుతున్నారు. అందుకని ఒక స్టీలు డబ్బా పెట్టమన్నాను. ఒక రోజంతా రాకీకి ఎవరు ఏది పెట్టినా, అంతే మోతాదు ఇంకోసారి తీసి డబ్బాలో వేయాలి. మర్నాడు డబ్బా తెచ్చి నా టేబుల్ మీద మూత తీశారు. రెండు ఇడ్లీలు, సగం గారె, పెరుగన్నం రెండు ముద్దలు, అప్పచ్చి ముక్క, కోడి తోలు, అరటిపండు, పనమ్మాయి పెట్టిన గ్లూకోజ్ బిస్కెట్లు, వీటన్నిటికీ అడుగున రెండు పూటలా వేసే ప్యాకెట్ ఫుడ్ నిండుగా. మాస్టారు డబ్బా వైపు చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. క్యాలరీలు కడితే రెండు వేలు దాటింది. రాకీ తగ్గాలంటే మనం లెక్క కట్టాల్సింది 31 కిలోల కుక్కకి, ఇప్పుడున్న 41కి కాదు. 31 కిలోల కుక్క ఊరికే ఉన్నప్పుడు ఖర్చయ్యేది రోజుకి 920 దగ్గర, బరువు తగ్గించేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెడతాం. చిట్టికి ఇదే లెక్కన 320. అంతే, దాదాపు ఒకటిన్నర కప్పుల అన్నమంత శక్తి, రోజు మొత్తానికి.

ఇక్కడ లాబ్రడార్ల గురించి ఒక మాట. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు ఈ జాతిలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేకపోవడం కనిపెట్టారు, దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఈ తేడా ఉంటుంది. 2024లో అదే బృందం ఇంకో సంగతి చూపించింది. ఆ తేడా ఉన్నవాటికి రెండు భోజనాల మధ్య ఆకలి ఎక్కువ, పైగా ఊరికే ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి కూడా నాలుగో వంతు తక్కువ. అంటే "వీడికి ఆకలండీ, చూడండి ఎలా చూస్తున్నాడో" అని ఆవిడ అన్నది నాటకం కాకపోవచ్చు, వాడికి నిజంగానే ఆకలి వేస్తుండొచ్చు. అలాగని పెట్టుకుంటూ పోలేం. అమెరికాలో 48 లాబ్రడార్లని పిల్లలుగా ఉన్నప్పటి నుంచి జీవితాంతం గమనించిన అధ్యయనం ఒకటి ఉంది, 2002లో వచ్చింది. పావు వంతు తక్కువ తిన్నవి మిగతావాటి కంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. వ్యాయామం గురించి అడిగేవాళ్లకి నేను తిండి గురించి ఇంత చెప్పడం విసుగ్గా ఉండొచ్చు, కానీ నడకతోనే బరువు తగ్గిన లాబ్రడార్‌ని నేను ఇంతవరకూ చూడలేదు.

సరే, ఇప్పుడు ఆ రెండు గంటల సంగతి. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌కి రోజుకి రెండు గంటల కంటే ఎక్కువ అనీ, పగ్‌కి గంట వరకు అనీ రాస్తుంది. తప్పు కాదు. కానీ 30 డిగ్రీలు దాటితే వేడి అనుకునే దేశంలో, సన్నగా ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క కోసం, గడ్డి మైదానంలో వదిలేసి తిప్పే అలవాటున్న మనుషుల కోసం రాసిన అంకె అది. మన దగ్గర మేలో 42, 43 మామూలు. సాయంత్రం ఐదున్నరకి ఎండ తగ్గినట్టు మనకి అనిపిస్తుంది, మనం చెప్పులు వేసుకుని ఐదున్నర అడుగుల ఎత్తులో ఉన్నాం కాబట్టి. గాలి 40 ఉన్న రోజు ఎండ పడ్డ తారు 60 డిగ్రీల దాకా వెళుతుంది, చీకటి పడ్డాక కూడా చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. పగ్ పొట్ట ఆ తారుకి జానెడు ఎత్తులో ఉంటుంది. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్కని ఆ రోడ్డు మీద నడిపించొద్దు, ఇది ఏ జాతికైనా ఒకటే.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త తప్ప. నోరు తెరిచి వగర్చడం, నాలుక మీది తడి, ముక్కు లోపలి మడతల మీది తడి ఆరడం, ఇంతే దానికి ఉన్న దారి. గాలిలో ఉక్క ఎక్కువగా ఉంటే ఆ తడి ఆరదు. పగ్‌కి ఆ దారి కూడా సగం మూసుకుపోయి ఉంటుంది. ముఖం ఎముక పొట్టిగా అయ్యేలా పెంచుకుంటూ వచ్చారు, లోపలి కండ మాత్రం అదే సైజులో ఉండిపోయింది. అంగిలి వెనక మెత్తటి భాగం గొంతుకి అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు గీతల్లా ఉంటాయి. వగర్చేకొద్దీ ఆ మెత్తటి కండ వాచి దారి ఇంకా ఇరుకవుతుంది, చల్లబరచుకోవాల్సిన పనే ఒంట్లో వేడి పుట్టిస్తుంది. చిట్టి గురకని ఇంట్లో అందరూ ముద్దుగా చెప్పుకునేవాళ్లు. పగ్ గురక మామూలే అనుకుంటాం గానీ అది గాలి ఇరుక్కుంటున్న చప్పుడు.

అందుకని మొదటి నిర్ణయం, రెండు కుక్కల వాకింగ్ విడదీయడం. ఆవిడకి ఇదే అన్నిటికంటే కష్టంగా అనిపించింది, పాపం రెండూ ఒకదాన్ని వదిలి ఒకటి ఉండవు కదా అని. మొదటి వారం చిట్టి తలుపు దగ్గర ఏడ్చింది కూడా. రాకీ బయటికెళ్లే సమయంలోనే దానికి ప్యాకెట్ ఫుడ్ గింజలు చాప మీద చల్లి వెతుక్కోమనేసరికి వారం పది రోజుల్లో సర్దుకుంది.

చిట్టికి మే, జూన్‌లో తెల్లవారుజామున ఐదింటికి పది నిమిషాలు, ఆవిడతో, మెడకి బెల్టు కాకుండా ఒంటికి తొడిగే పట్టీలతో, అంటే హార్నెస్‌తో. రాత్రి తొమ్మిది దాటాక ఇంకో పది నిమిషాలు, ఊరికే కాలకృత్యాలకి. తెల్లవారుజామున చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ గాలిలో తేమ అప్పుడే ఎక్కువ, అయినా ఎండ ఉండదు, రాత్రంతా చల్లబడిన రోడ్డు, కాబట్టి ఉన్నవాటిలో అదే మంచి సమయం. గడియారం చూడొద్దు, కుక్కని చూడమని చెప్పాను. నాలుక చివర గరిటెలా వెడల్పయిందంటే, వగర్పులో గరగర మొదలైందంటే ఆ క్షణమే వెనక్కి తిరగాలి, అది రెండో నిమిషమైనా సరే. ఇంటికొచ్చాక పది నిమిషాల్లో వగర్పు తగ్గాలి, తగ్గకపోతే ఆ రోజు నడక దానికి ఎక్కువైనట్టు. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 లోపే ఉండాలి, అది లెక్కపెట్టడం ఆవిడకి నేర్పించాను, ఇప్పుడు నోట్‌బుక్‌లో రాసిపెడుతున్నారు.

రాకీ దగ్గరికి వస్తే, ముందు వాడు దేనికోసం పుట్టిన జాతో చూడాలి. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో చేపలవాళ్ల దగ్గర పనిచేసిన కుక్కలు. అక్కడి నుంచి ఇంగ్లండ్ తెచ్చి, వేటలో పడిన పక్షిని వెతికి, నోటికి నలగకుండా తెచ్చి చేతిలో పెట్టేలా పెంచారు. అంటే వాసన పట్టడం, ఈదడం, నోటితో మోయడం, మనిషి మాట కోసం ఎదురు చూడడం. గొలుసు కట్టి రోడ్డు మీద గంటసేపు నెమ్మదిగా నడిపిస్తే ఈ నాలుగింట్లో ఒక్కటీ జరగదు. ఆ నోటికి పని లేకే సోఫా చేతుల మీద పడింది. నేను మాస్టారికి చెప్పింది ఇదే, వాడికి రెండు గంటలు కావాలి నిజమే, కానీ ఆ రెండు గంటలూ మీ మోకాళ్లే మోయాలని ఎక్కడా లేదు.

నడక వాచ్‌మన్ గారి అబ్బాయికి అప్పజెప్పాం, ఇంటర్ చదువుతున్నాడు, నెలకింత అని మాట్లాడుకున్నారు. ఆ అబ్బాయిని క్లినిక్‌కి పిలిపించి హార్నెస్ ఎలా వేయాలో, వీధి కుక్కలు కనిపిస్తే గొలుసు బిగించి లాగకుండా ముందుగానే అవతలి పక్కకి ఎలా మళ్లాలో, గింజలు నేల మీద చల్లి తల ఎలా కిందికి దింపాలో చూపించాను. 41 కిలోలు, పైగా తుంటి అరుగుదల, కాబట్టి ఒకేసారి నలభై నిమిషాలు కాదు. మొదట పావుగంట చొప్పున, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వారం వారం ఐదు నిమిషాలు పెంచుతూ, రెండు నెలలకి పొద్దున నలభై, రాత్రి పాతిక దగ్గరికి తెచ్చాం. మొదటి పది నిమిషాలు వాడి ఇష్టం, ఎక్కడ వాసన చూడాలంటే అక్కడ. ఆ తర్వాత చకచకా నడక. టీ బడ్డీ ఉన్న సందులోకి వెళ్లనే కూడదు. మాస్టారు మాత్రం ఒక్కరే వెళ్లి టీ తాగి రావచ్చు, ఆయన స్నేహాలు నేనెందుకు చెడగొట్టాలి.

మిగతా సమయం ఇంట్లో. తిండి గిన్నెలో పెట్టడం పూర్తిగా ఆపేశాం, ప్రతి గింజా పని చేసి తినాల్సిందే. మాస్టారు కుర్చీలో కూర్చునే నేర్పారు, నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, ఆ ఓపిక నాకు లేదు. "ఆగు" అంటే ఆగాలి, ఆవిడ లోపలి గదిలో గింజల గుడ్డ మూట దాస్తారు, "వెతుకు" అంటే వెళ్లాలి, "తే" అంటే తేవాలి, "వదులు" అంటే చేతిలో పెట్టాలి. మొదట కళ్ల ముందే దాచారు, తర్వాత తలుపు వెనక, తర్వాత మంచం కింద, ఇప్పుడు అయిదు మూటలు అయిదు చోట్ల. పావుగంట వెతికాక వాడు వెళ్లి ఫ్యాను కింద వెల్లకిలా పడుకుంటాడు. పొద్దున వాకింగ్ నుంచి వచ్చేటప్పుడు గేటు దగ్గర పేపరు నోట కరుచుకుని లిఫ్టులో పైకి తెచ్చి మాస్టారి చేతికివ్వడం ఇంకో ఉద్యోగం. దీంతో నేను అనుకోని లాభం ఒకటి వచ్చింది, నోట్లో పేపరు ఉంటే లిఫ్టు తలుపు చప్పుడుకి మొరగలేడు కదా. వాసనతో వెతికే పని కుక్కల మనసుకి మంచిదని 2019లో వచ్చిన ఒక అధ్యయనం కూడా చెబుతుంది. రెండు వారాలు అలా వెతికిన కుక్కలు కొత్త విషయం ఎదురైతే ఆశతో ముందుకు వెళ్లాయి, ఊరికే మాట వింటూ పక్కన నడిచినవాటిలో ఆ మార్పు రాలేదు.

ఈత గురించి కూడా అడిగారు, కృష్ణ పక్కనే కదా అని. ఘాట్‌లో వద్దన్నాను. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిండుగా ఉంటాయి, లోతు తెలియదు, స్నానాలు చేసేవాళ్లు ఉంటారు, వాళ్ల మధ్యలోకి కుక్కని దింపడం మర్యాద కూడా కాదు. వాళ్ల బంధువులకి ఆగిరిపల్లి దగ్గర మామిడి తోట, అందులో మెట్లున్న నీళ్ల తొట్టి ఉంది. వీలైన ఆదివారాలు అక్కడికి తీసుకెళ్తున్నారు, పొడవాటి తాడు కట్టి, అయిదేసి నిమిషాలు ఈదించి మధ్యలో ఆపుతూ. తుంటి నొప్పి ఉన్న లావు కుక్కకి దీన్ని మించింది లేదు, బరువు నీళ్లే మోస్తాయి. మేడ మీద టైల్స్ మీద బంతి విసరడం మాత్రం వద్దే వద్దు. అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా చేసేది అదే. జారుతూ ఆగే ఆ ఒక్క కుదుపుకి మోకాలి లిగమెంటు తెగిన లాబ్రడార్లని చూశాను.

అన్నీ సాఫీగా జరగలేదు. జూన్ మధ్యలో బరువు ఆగిపోయింది. డబ్బా మళ్లీ పెట్టించాం, ఆవిడ పూజ అయ్యాక కొబ్బరి ముక్క పెడుతున్నారు. "ప్రసాదం బాబూ, అది కూడా లెక్కేనా?" అన్నారు. గోరంత ముక్క పెట్టండమ్మా, వద్దనను, కానీ చిప్పలో సగం కాదు అన్నాను. ఆగస్టులో వర్షాలకి నాలుగైదు రోజులు బయటికి వెళ్లలేక మళ్లీ ఒక చెప్పు పోయింది. గోమార్లు కూడా ఆ నెలలోనే మొదలయ్యాయి, నెలకోసారి మాత్ర వేస్తున్నాం.

మూడు నెలలకి రాకీ 36.6, ఆరు నెలలకి 33.4. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే బాగా తగ్గినట్టే, అంతకంటే తొందర వద్దు. సోఫా జోలికి వెళ్లడం రెండో నెలలోనే పోయింది. లేచేటప్పుడు బిగుసుకోవడం దాదాపు లేదు. లిఫ్టు మొరుగుడు ఇంకా ఉంది, మధ్యాహ్నం పూట, తగ్గింది కానీ పోలేదు. చిట్టి 8.2కి వచ్చింది, పావుగంట నడిచి వచ్చాక అయిదు నిమిషాల్లో నోరు మూసుకుంటోంది.

ఈ లోపు ఆ అపార్ట్‌మెంట్‌లో మిగతా కుక్కల వాళ్లూ అడగడం మొదలుపెట్టారు, అందుకని ఇక్కడే రాసేస్తున్నాను. నాలుగో అంతస్తులో హస్కీ ఉంది, పగలంతా ఏసీ గదిలో. మంచులో బండి లాగుతూ మైళ్లకొద్దీ పరిగెత్తడానికి పుట్టిన కుక్క అది, రెండు గంటలు కూడా దానికి తక్కువే, ఆ రెండు గంటలు మన ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప ఇవ్వలేం. కొనకముందు అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. వచ్చేసింది కాబట్టి వేసవిలో ఇంట్లో వెతికే పనులు, తెల్లారకముందు చిన్న నడక, బొచ్చు మాత్రం గొరిగించొద్దు, దువ్వాలి. జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, డాబర్‌మన్ లాంటివాటికి ఒళ్లు అలసినా బుర్ర అలవకపోతే ఇంటికి కాపలా కాస్తున్నామని వచ్చిన ప్రతివాడి మీదా పడతాయి, నడకలో సగం శిక్షణ కావాలి. బీగిల్‌కి గంటకి పైనే కావాలి, కానీ వేగం అక్కర్లేదు, ముక్కు నేలకి ఆనించి నడవనివ్వండి, తాడు మాత్రం వదలొద్దు, వాసన దొరికితే మీ పిలుపు దానికి వినపడదు. పామరేనియన్, షిట్జూలకి అరగంట, ముప్పావు గంట, రెండు మూడు ముక్కలుగా. డాష్‌హండ్‌ని మెట్లు ఎక్కించి దింపొద్దు, నడుము డిస్కు పోతుంది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ లాంటి మన వేట కుక్కలు రోజంతా తిరగాలని అనుకుంటారు గానీ వాటికి కావాల్సింది ప్రహరీ ఉన్న చోట కాసేపు ప్రాణం పెట్టి పరిగెత్తడం, ఆ తర్వాత రోజంతా పడుకుంటాయి. వీధి నుంచి తెచ్చుకున్న నాటు కుక్కకి మన ఎండ అలవాటే, అయినా దానికీ మధ్యాహ్నం తారు తారే, ఉదయం సాయంత్రం అరగంట ముప్పావు గంట చొప్పున ఇస్తే హాయిగా ఉంటుంది.

కూనలకి ఒక్కో నెల వయసుకి అయిదు నిమిషాల చొప్పున నడక అనే లెక్క ఒకటి తిరుగుతోంది, దాని వెనక గట్టి పరిశోధన లేదు. నార్వేలో పెద్ద జాతుల కూనల మీద చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కించిన వాటిలో తుంటి సమస్య ఎక్కువ, మెత్తటి నేల మీద తాడు లేకుండా తమకి తాముగా ఆడుకున్న వాటిలో తక్కువ. లిఫ్టు లేని బిల్డింగుల్లో ఉండేవాళ్లు ఆ మూడు నెలలు కూనని ఎత్తుకుని దింపండి.

ఇదంతా రాసి, జాతిని బట్టే అంతా ఉంటుందని అనుకుంటే అదీ పొరపాటే. 2022లో పద్దెనిమిది వేలకి పైగా కుక్కల సమాచారంతో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఒక్కో కుక్క ప్రవర్తనలో తేడాలకి జాతి చెప్పగల వాటా దాదాపు తొమ్మిది శాతమే. చెప్పుని ముట్టని లాబ్రడార్లు ఉన్నాయి, రోజంతా ఎగిరే పగ్‌లూ ఉన్నాయి. ఆ ఎగిరే పగ్‌లతోనే నాకు భయం ఎక్కువ, వాటికి ఆగడం తెలియదు.

చిట్టి ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలి వెనక కండ కాస్త కత్తిరించే ఆపరేషన్ ఒకటి మిగిలింది. వచ్చే వేసవి లోపల, చలికాలంలోనే చేయించమన్నాను. ఆవిడకి మత్తు అంటే టెన్షన్. పొట్టి ముక్కు కుక్కలకి మత్తులో రిస్కు ఉన్న మాట నిజం, లేచేటప్పుడు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, అందుకే ఊపిరి కోసం గొంతులో పెట్టిన ట్యూబు తీశాక కూడా పక్కనే మనిషి ఉండే చోట చేయించాలి. 9.8 కిలోల మీద అయితే నేనే వద్దనేవాణ్ణి, ఎనిమిది లోపలికి వచ్చాక చేయిద్దాం అన్నాను. ఇంకో రెండు వందల గ్రాములు. అమెరికా నుంచి అమ్మాయి డిసెంబరులో వస్తుందట, అప్పటికి డేటు ఫిక్స్ చేస్తామన్నారు.